తిరుపతమ్మ కథకి ఊ కొట్టినవాడు

పున్నయ్య మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటారు, మళ్లీ పెట్టుకుంటారు, అడిగినవాళ్ల ముఖాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూస్తారు. ఆ కాస్త వ్యవధిలో జవాబు చెప్పేసే అలవాటు నాది. మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాల మీద దుమ్ము దులపడం నా ఉద్యోగం. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా దులుపుతుండగా ఒంటికి అంటుకున్నదే. అందుచేత నాకు తెలియని సంగతంటూ లేదు, సరిగ్గా తెలిసిన సంగతీ లేదు. మాస్టారు రిటైరయ్యాక రోజూ సాయంత్రం మా గ్రంథాలయం వరండాలో కూర్చుంటారు. ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు చుట్టుపక్కల బళ్లలో పాఠాలు చెబుతున్నవాళ్లు వచ్చిపోతుంటారు. నేనూ ఆయన శిష్యుణ్ణనే చెప్పుకుంటాను. మాస్టారు ఆ మాట కాదనలేదు. అవునని కూడా ఎప్పుడూ అనలేదు.

ఒక శుక్రవారం రూత్ టీచర్ వచ్చింది. చెప్పులు విడిచి మెట్టు మీదే కూర్చుంది, కుర్చీ చూపించినా లేవలేదు. ఆమె పనిచేసే బడి సంగతి మాకందరికీ తెలుసు. ప్రాజెక్టు కట్టినప్పుడు ఏటి ఒడ్డున ఉన్న వేములరేవు మునిగిపోయింది. ఆ ఊరివాళ్లకి జిల్లెళ్లమిట్ట రైతుల పొలాలు తీసుకుని అందులో కాలనీ కట్టించారు, బడి కూడా అక్కడే కట్టారు. ఊరు పోయినవాళ్ల పిల్లలూ, పొలం పోయినవాళ్ల పిల్లలూ మూడేళ్లుగా ఒకే బడిలో చదువుతున్నారు. వీళ్లు వాళ్లని రేవోళ్లు అంటారు. వాళ్లు వీళ్లని మిట్టోళ్లు అంటారు. గదిలో ఆ గోడవైపు కొందరు, ఈ గోడవైపు కొందరు కూర్చుంటారు, మధ్యలో బండి పట్టేంత ఖాళీ.

"ఇన్నాళ్లూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు మాస్టారూ, అదే నయం," అంది రూత్ టీచర్. "మిట్టలో అంకయ్య అని ఒక ముసలాయన ఉన్నాడు. బడి కట్టిన జాగా ఆయన మిరపచేను. రోజూ బడి వదిలే వేళకి గ్రౌండులోకి వచ్చి రాళ్లు విసురుతాడు. రేవోళ్ల పిల్లలు కాలనీకి పోయేది ఆ పక్క నుంచే. పోయిన వారం ఒక పిల్లాడి కాలికి తగిలింది. ముసలాయన మనవడు కోటేశు, దెబ్బ తగిలిన పిల్లాడి అక్క తిరుపతమ్మ, ఇద్దరూ నా ఎనిమిదో తరగతే. కూర్చుని మాట్లాడుకుంటే సర్దుకుంటుందని నేను చర్చ పెట్టించాను."

"ఏమైంది?"

"రెండు బెంచీలు విరిగాయి."

ఆమె కాసేపు తన చేతులవైపు చూసుకుంది. "హెడ్మాస్టరు గారు సోమవారం నుంచి రెండు సెక్షన్లు చేస్తున్నారు. రేవోళ్లంతా ఏ, మిట్టోళ్లంతా బి. మధ్యలో స్టాఫ్ రూము. గొడవ ఆగుతుంది, నిజమే. కానీ ఈ పిల్లలు ఇంక ఎప్పటికీ మాట్లాడుకోరు. ఒకళ్ల మాట ఒకళ్లు మర్యాదగా వినేట్టు చెయ్యడం ఎట్లా మాస్టారూ? నాకున్నది రేపొక్క రోజే."

మాస్టారు కళ్లద్దాలు తీశారు. ఇంకేం, నేనందుకున్నాను. ముందు ఇద్దరి చేతా ప్రతిజ్ఞ చేయించాలన్నాను. కలిపి ఆటల పోటీ పెట్టాలన్నాను. గోడల మీద మంచి మాటలు రాయించాలనీ, పెద్దక్షరాలైతే మేలనీ అన్నాను. నాలుగో సలహా నడుస్తుండగా రూత్ టీచర్ వాచీ చూసుకుంది.

"ఆయన ఎందుకు విసురుతాడో ఎవరన్నా అడిగారా అమ్మాయ్?" అన్నారు మాస్టారు, కళ్లద్దాలు పెట్టుకుంటూ.

"కళ్లతో చూసినదాన్ని అడిగేదేంటి అంటారు కాలనీవాళ్లు. మా తాతని అనుమానించేవాళ్లతో మాటలేంటి అంటాడు కోటేశు."

"ఊ," అన్నారు మాస్టారు. "మీ తరగతిలో కథ చెప్పడం ఎవరికి వచ్చు?" అని అడిగారు.

రూత్ టీచర్ ఆయన వినిపించుకోలేదేమో అన్నట్టు నావైపు చూసింది. తర్వాత, "తిరుపతమ్మ చెప్తుంది. తరగతిలో నోరు విప్పదు గానీ, వాళ్ల తమ్ముడికి చెప్తుంటే ఒకసారి చాటుగా విన్నాను," అంది.

"రేపు వస్తాను," అన్నారు మాస్టారు.

నేనూ వెళ్లాను. శనివారం రోజంతా గ్రంథాలయానికి తాళం వేసి ఉంది. ఆ సంగతి గమనించిన పాఠకుడు ఈ రోజుకీ నాకు తారసపడలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మాస్టారు ఎనిమిదో తరగతిలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను వెనక బెంచీలో సర్దుకున్నాను, ఏడో తరగతి దాటి కూర్చోవడం అదే మొదటిసారి. ఎవరైనా కథ చెబుతారా అని ఆయన అడిగితే గది ఉలకలేదు. "ఏటి ఒడ్డు ఊరి సంగతి వినాలని ఉంది. తిరుపతమ్మ ఎవరు?" అన్నారు. రెండు జడలకీ తెల్ల రిబ్బన్లు కట్టుకున్న సన్నటి పిల్ల లేచింది. లేచిందే గానీ నోరు తెరవలేదు.

"ఊరికే చెప్పమంటే ఎవరు చెప్తారు, ఊ కొట్టేవాళ్లు ఉండాలి గదా," అన్నారు మాస్టారు. "నేను కొడదామంటే నాకు ఒక చెవి వినపడదు."

మా గ్రంథాలయంలో బల్లి పాకినా ఆయనకి వినపడుతుంది. నేను పైకి చూస్తూ కూర్చున్నాను.

కాలనీ పిల్లలు పది మంది చేతులెత్తారు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. "మీకు ఆ ఊరు తెలుసు. తెలిసినవాళ్లు ఊ కొడితే చెప్పే మనిషి సగం దాటేసిపోతుంది. తెలియనివాళ్లు కావాలి." ఆయన చూపు రెండో గోడవైపు నడిచి, చొక్కా గుండీలు రెండు ఊడిపోయిన కుర్రాడి మీద ఆగింది. "నీ పేరేంటి?"

"కోటేశు."

గదిలో చిన్న కదలిక. రూత్ టీచర్ తలుపు పట్టుకుంది.

"నువ్వు కొట్టు. ఊ ఆగితే కథ ఆగుతుంది. అంతకన్నా నియమాలేం లేవు."

తిరుపతమ్మ కిటికీవైపు తిరిగి, ఎవరికీ కాదన్నట్టు మొదలుపెట్టింది. "మా ఊరికి పోవాలంటే ముందు రేవు..."

"ఊ," అన్నాడు కోటేశు మేకపిల్ల గొంతుతో. మిట్టవైపు నవ్వులు లేచాయి.

"రేవులోంచి పైకి పదకొండు మెట్లు..."

"ఊఊఊ."

ఆమె ఆగిపోయింది. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషంలో నవ్వులకి ఊపు తగ్గింది. మూడో నిమిషంలో మిట్టవైపే ఎవరో, "సరిగా కొట్టరా, ఎంతసేపు," అన్నారు.

"ఊ కొట్టమన్నారు, కొడుతున్నా గదా సార్," అన్నాడు కోటేశు.

"ఆ పిల్ల ఆగిపోయింది. అంటే కొట్టలేదు," అన్నారు మాస్టారు.

కోటేశు చెవులు ఎర్రబడ్డాయి. బెంచీ చెక్కని గోటితో గీకుతూ, "ఊ," అన్నాడు, ఈసారి తన గొంతుతోనే.

"పదకొండు మెట్లు. ఎనిమిదో మెట్టు కదుల్తది."

"ఊ."

"మాకు తెలుసు, దాటేసి ఎక్కుతాం. కొత్తోళ్లు కాలేస్తే తూలిపోతారు. పెళ్లిచూపులకొచ్చినోళ్లు అందరూ తూలారంట. మా నాన్న కూడా తూలాడంట."

"ఊ," అన్నాడు కోటేశు, నవ్వు బిగబట్టుకుని.

ఆమె కిటికీ వదిలి ఇటు తిరిగింది. మెట్లెక్కితే వీధి, వీధి చివర ఇల్లు. ఇంటి ముందు అరుగు, అరుగు మీద ఒక గుంట, అందులో నాయనమ్మ రోజూ పిచ్చుకలకి నూకలు పోసేది. వెనక దొడ్లో నీళ్ల గాబు, గాబు పక్కన కాకరపాదు. ఒక్కో మాటకీ ఒక ఊ పడుతూ వచ్చింది. ఊ పడిన చోటల్లా ఆ పిల్ల ఇంకొంచెం లోపలికి నడిచింది. మూడేళ్లుగా ఏటి అడుగున ఉన్న ఆ ఇంట్లో ఎక్కడ ఏముందో వెతుక్కోకుండా చెబుతోంది. కాలనీ పిల్లలు కొందరు తలలు దించుకున్నారు.

"లారీలొచ్చినాయి. సామానంతా ఎక్కించారు. ఎక్కబోయేసరికి నాయనమ్మ కనపడలా."

"ఊ."

"మా నాన్న ఒకటే కేకలు. లారీ ఆయన హారన్ కొడతన్నాడు. నేను దొడ్లోకి పరిగెత్తిపోయి చూశా. గాబులో నీళ్లు చెంబుతో ముంచి కాకరపాదుకి పోస్తంది."

ఊ పడలేదు.

తిరుపతమ్మ ఆగింది. అందరూ కోటేశువైపు తిరిగారు. వాడు గడ్డం కింద పిడికిలి పెట్టుకుని నోరు కొద్దిగా తెరిచి చూస్తున్నాడు. ఊ కొట్టాలన్న సంగతే మరిచిపోయాడు. "ఊ కొట్టరా," అని ఆ గోడవైపు నుంచీ ఈ గోడవైపు నుంచీ ఒక్కసారే కేకలు వచ్చాయి. ఆ గదిలో రెండు వైపులా కలిసి అన్న మొదటి మాట అదేనని రూత్ టీచర్ తర్వాత నాతో చెప్పింది.

వాడు ఉలిక్కిపడి, "ఊ," అన్నాడు. వెంటనే, "ఏరొచ్చి మొత్తం మునిగిపోద్దని తెలుసు గదా? మళ్లీ నీళ్లెందుకు?" అన్నాడు.

"ఎండిపోద్దని," అంది తిరుపతమ్మ.

ఎవరూ నవ్వలేదు.

అప్పటికి హెడ్మాస్టరు గారు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. చంకలో రెండు కొత్త రిజిస్టర్లు, అట్టల మీద ఏ అనీ బి అనీ రాసి ఉంది. మాస్టారు ఆయనకి నమస్కారం పెట్టి కోటేశువైపు తిరిగారు. "ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ పిల్ల ఊ కొడుతుంది."

"నాకు కథలు రావు సార్."

"మీ తాత సంగతి చెప్పు."

గది బిగుసుకుంది. తిరుపతమ్మ జడ చివర పిడికిట్లోకి తీసుకుంది. కోటేశు లేచి నిలబడి, మాటల కోసం నేలంతా వెతికాడు.

"ఇప్పుడు ఈ గదున్న చోట మా తాత మిరప వేసేవాడు," అన్నాడు చివరికి.

చాలాసేపటికి ఒక ఊ వచ్చింది, పళ్ల సందున.

"ఇది మిట్ట. దున్నితే రాళ్లు లేస్తాయి. వానపడినా లేస్తాయి. ఎన్ని ఏరినా మళ్లీ లేస్తాయి."

"ఊ."

"రోజూ సందేళ మా తాత, నాన్న, నేను రాళ్లేరి గట్టవతల పారేసేవాళ్లం. చేలోకి పోయి ఉత్త చేతులతో ఇంటికి రాకూడదనేవాడు తాత. ఇప్పుడు చేను లేదు. నాన్న పనికి పోతున్నాడు. తాత మాత్రం ఆ వేళకే వస్తాడు. ఏరతాడు."

ఊ రాలేదు.

కోటేశు ఆగాడు. నియమం ప్రకారం ఆగాలి. పైన ఫ్యాను టకటకమంటోంది. వాడు మాస్టారివైపు చూశాడు, ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఆ పిల్ల పెదవులు బిగించుకుని ఉంది. నా నాలుక చివర మూడు సలహాలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని మింగడం నా జీవితంలో చెప్పుకోదగ్గ పని.

"ఏరేది రువ్వడానికే గదా," అంది తిరుపతమ్మ.

"రువ్వడమేంది? చేలో రాళ్లుంటే ఏరి అవతల పారెయ్యరా? మీ ఊళ్లో ఏం చేసేవాళ్లు?"

"మా చేలల్లో రాళ్లుండవు," అంది ఆ పిల్ల. "అంతా ఏటి ఒండ్రే. కాలేస్తే దిగిపోద్ది. మా నాయనమ్మ పప్పులో రాయొస్తే, అంగడి పప్పు అని తిట్టేది. మా ఊళ్లో రాయంటే రేవు మెట్లే."

కోటేశు ఈ మాట నమ్మాలో వద్దో తెలియనట్టు తన వైపువాళ్లని చూశాడు. వాళ్లకీ తెలియలేదు. రాళ్లు లేని చేను ఒకటి ఉంటుందని ఆ గోడవైపు ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. మూడేళ్ల పాటు మిట్టోళ్లు, తెలిసి కూడా తాత మీద అబద్ధం చెబుతున్నారని రేవోళ్లని తిట్టుకున్నారు. రేవోళ్లు, తమ పిల్లల మీద రాళ్లు రువ్వే మనిషిని మిట్టోళ్లు వెనకేసుకొస్తున్నారని మండిపడ్డారు. అడిగితే అరనిమిషం పని.

"మరి ఇప్పుడది చేను కాదు గదా," అంది తిరుపతమ్మ. ఈసారి గొంతులో పదును లేదు. నిజంగా అడిగింది.

"తాతకి చేనే," అన్నాడు కోటేశు.

ఆ పిల్ల పిడికిట్లోని జడ వదిలింది. తర్వాత, "ఊ," అంది.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. ముగింపులు నాకు కొంచెం తొందరగా వినపడతాయి. ఆ పిల్ల కూర్చోలేదు. "అయినా మా తమ్ముడి కాలు వాచింది," అంది కోటేశు ముఖంలోకి చూస్తూ.

ఊ కొట్టమని వాడికి ఎవరూ చెప్పలేదు. "ఊ," అన్నాడు.

"మూడు రోజులు బడికి రాలా."

"ఊ."

"ఇప్పటికీ ఆ పక్కకి రానని ఏడుస్తాడు."

"ఊ," అన్నాడు కోటేశు. తల దించుకునే అన్నాడు గానీ, అందరికీ వినపడేట్టు అన్నాడు. తప్పయిందని వాడనలేదు. పర్లేదని ఆమె అనలేదు. బయట వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద గంట కొట్టారు.

పిల్లలు లేస్తుంటే హెడ్మాస్టరు గారు లోపలికొచ్చి, "ఇంతకీ ఒకటయ్యారంటారా మాస్టారూ?" అని మెల్లగా అడిగారు.

"లేదు," అన్నారు మాస్టారు.

హెడ్మాస్టరు గారి ముఖం కొంత తేలికపడింది. ఈలోగా మిట్టవైపు కుర్రాడొకడు ఆయన ముందుకొచ్చాడు. "సార్, తిరుపతమ్మ కథ కాకరపాదు దగ్గరే ఆగింది. నాయనమ్మ ఎక్కిందో లేదో చెప్పలా. సోమవారం మేం ఆ గదిలో ఉంటే ఎట్టా?"

"పేర్లన్నీ ఎక్కించేశాను గదయ్యా," అన్నారు హెడ్మాస్టరు గారు, రిజిస్టర్లు చూపిస్తూ. చూపించాక వాటిని తనే ఒకసారి చూసుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, చేతిరాత కూడా మంచిది. "చూద్దాం," అన్నారు చివరికి. "ఈ సోమవారం కాకపోతే వచ్చే సోమవారం. కథ ఎంతుంది?"

"తెలియదు సార్," అన్నాడు కుర్రాడు.

సాయంత్రం మేం ముగ్గురం బడి ఎదురుగా బస్సు కోసం కూర్చున్నాం. బడి వదిలారు. గ్రౌండులోకి ఒక ముసలాయన వచ్చాడు. నడుం అప్పటికే సగం వంగి ఉంది కాబట్టి రాయి కోసం ఆయన వంగాల్సింది తక్కువే. ఒకటి ఏరాడు, చేత్తో మట్టి తుడిచాడు, గట్టు లేని చోట గట్టవతలికి పారేశాడు. ఇంకోటి ఏరాడు. ఆ చేనుకి ఆయన ఇంకా ఎంత పని బాకీ ఉన్నాడో ఆయనకే తెలియాలి. తర్వాత కాలనీ దోవలో తిరుపతమ్మ వచ్చింది. పక్కన తమ్ముడు కుంటుకుంటూ నడుస్తున్నాడు. ముసలాయన్ని చూసి ఆ పిల్ల తమ్ముణ్ణి తన రెండో పక్కకి లాక్కుని నిలబడిపోయింది. ముసలాయన చేతిలో రాయి ఉంది.

రూత్ టీచర్ లేవబోయింది. మాస్టారు చేతికర్ర ఆమెకి అడ్డంగా చాపారు.

"పోమ్మా, మీరు పోయినాక ఏస్తా," అన్నాడు ముసలాయన.

ఆ పిల్ల పోలేదు. ఏదో అంది. ఆమె గొంతు చిన్నది, మా దాకా రాలేదు. ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. చేతిలో రాయి అట్లాగే ఉంది.

"ఊ," అన్నాడు. అది మాత్రం మాకు వినపడింది.

ఆ పిల్ల ఇంకో మాటంది. ఒక చెయ్యి ఎత్తి గాలిలో మెట్లలాగా చూపించింది. "ఊ," అన్నాడు ముసలాయన. మధ్యాహ్నం తరగతిలో జరిగింది ఆయనకి తెలియదు. చెప్పేవాళ్లుంటే ఊ కొట్టడం ఆయన్ని కన్నవాళ్లు నేర్పి ఉంటారు, కొట్టే అవకాశమే చాలాకాలంగా వచ్చి ఉండదు. కుంటి పిల్లాడు అక్క వెనక నుంచి కొద్దికొద్దిగా ఇవతలికి వచ్చాడు.

మా బస్సు వచ్చింది. మేం ఎక్కకపోయేసరికి కండక్టరు మమ్మల్ని ఏదో అని వెళ్లిపోయాడు. ఆఖరి బస్సు అదేనని మాకు తర్వాత తెలిసింది.

"అయితే మాస్టారూ, నేనడిగినదానికి..." అని రూత్ టీచర్ మొదలుపెట్టి ఆగింది.

మధ్యాహ్నం నుంచీ నోరు కట్టుకుని ఉన్నవాణ్ణి, ఇంక నావల్ల కాలేదు. "అంటే అమ్మా, దీనివల్ల మనం తెలుసుకోవలసింది ఏమిటంటే..." అని గొంతు సవరించుకున్నాను.

మాస్టారు గ్రౌండువైపు నుంచి చూపు తిప్పకుండానే నా మోకాలి మీద చెయ్యి వేశారు.

"ఆగవయ్యా," అన్నారు. "ఆ పిల్ల ఇంకా చెప్తోంది."